పింఛను లేని సిపాయికి వైద్యం ఎక్కడ?

ఈ పుటలలో మనం సాధారణంగా మధుమేహం, రక్తపోటు, మోకాళ్ల నొప్పుల వంటి వాటి గురించి మాట్లాడుకుంటూ ఉంటాము. ఈసారి కొంత చరిత్ర రాయవలసి వచ్చింది. "మా తాతగారు మిలిటరీలో పనిచేశారండీ, ఆ ఆసుపత్రి సదుపాయం మాకు ఎందుకు లేదు?" అని అడిగేవారు మన గోదావరి జిల్లాలలో తక్కువేమీ కాదు. ఆ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పవచ్చు: పింఛను లేదు కనుక. కాని ఆ ఒక్క మాట వెనుక ఎంత చరిత్ర ఉన్నదో తెలిస్తే తప్ప, రేపు మన మనుమల విషయంలో ఏమి జరగబోతున్నదో అర్థం కాదు.

పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం మండలంలో మాధవరం అనే గ్రామం ఉన్నది. ఉత్త మాధవరం అంటే చుట్టుపక్కల వారు ఒక్క క్షణం ఆలోచిస్తారు. 'మిలిటరీ మాధవరం' అంటే వెంటనే దారి చూపిస్తారు. మొదటి ప్రపంచ యుద్ధానికి 90 మంది, రెండవ ప్రపంచ యుద్ధానికి వెయ్యి మందికి పైగా తమ ఊరి నుంచి వెళ్లారని అక్కడివారు చెప్పుకునే లెక్క. ఆ ఊరిలో అమరుల స్మారకం ఉన్నది. మరణించినవారిని మనం బాగానే గుర్తుపెట్టుకుంటాము. గాయపడి తిరిగి వచ్చి, మరి యాభై ఏళ్లు కుంటుతూ బతికినవారి సంగతి ఏ శిలాఫలకం మీదా ఉండదు. వైద్యుడిగా నాకు కావలసినది ఆ రెండవ జాబితా.

తెలుగువాడికి సైనిక వృత్తి కొత్తది కాదు. ఉత్తర హిందూస్థానంలో ఒకప్పుడు సిపాయిని 'తిలంగా' అని పిలిచేవారు. ఇంగ్లీషు కంపెనీ తరఫున మొదట బెంగాలుకు వెళ్లిన దక్షిణాది సిపాయిలలో తెలుగువారు ఉండడం వల్ల, ఆపైన ఏ ప్రాంతం వాడైనా ఎర్రకోటు తొడుక్కుంటే చాలు, తిలంగాయే అయ్యాడు. మన జాతి పేరే ఒక వృత్తికి పేరు కావడం విశేషమే. 1758 డిసెంబరులో పిఠాపురానికి దగ్గరలోని చందుర్తి వద్ద ఇంగ్లీషువారికీ ఫ్రెంచివారికీ జరిగిన యుద్ధంలో ఇరుపక్షాలా వేల సంఖ్యలో నిలబడినవారు ఈ దేశపు సిపాయిలే. కర్నల్ ఫోర్డ్ గెలిచాడు, కాన్‌ఫ్లాన్స్ ఓడాడు అని పాఠ్యపుస్తకం చెబుతుంది. ఆ పొలాలలో కాలు విరిగి పడిన సిపాయి ఏమయ్యాడో చెప్పదు. ఆ కాలపు తుపాకి గుండు మెత్తని సీసపుది. ఎముకకు తగిలితే ఎముక ముక్కలయ్యేది, గుండుతో పాటు బట్టపీలిక, మట్టి లోపలికి పోయేవి. మత్తుమందు లేదు, క్రిమి సంహారకం లేదు. కాలు తీసివేయడమే వైద్యం.

క్లైవు తనకు మీర్ జాఫర్ వీలునామా ద్వారా వచ్చిన సొమ్ముతో 1770లో ఒక నిధి ఏర్పరచాడు. కంపెనీ సైన్యంలో వికలాంగులైనవారికి, మరణించినవారి భార్యలకు పింఛను ఇవ్వడానికి అది ఉద్దేశించినది. అయితే అది ఐరోపా సైనికులకు, అధికారులకు. సొమ్ము బెంగాలు నవాబుది, దాని వల్ల బాగుపడినవారు మాత్రం దొరలు. దేశీయ సిపాయిల విషయంలో కంపెనీ మరొక పద్ధతి పాటించింది. పూర్తిగా పనికిరాడు అనుకున్నవాడికి స్వల్ప పింఛను, కొంతవరకు పనికివస్తాడు అనుకున్నవాడికి కోటల కాపలా, ఖజానాల కాపలా వంటి తేలిక పనులు. గాయానికి వెలకట్టడం, మిగిలిన సామర్థ్యాన్ని కొలవడం అన్న పద్ధతికి బీజం అక్కడ పడింది. నేటి మెడికల్ బోర్డు చేసే పని కూడా అదే.

పందొమ్మిదవ శతాబ్దం చివరికి 'యోధ జాతులు' అనే సిద్ధాంతం బయలుదేరింది. దక్షిణాదివారు యుద్ధానికి తగరని లార్డ్ రాబర్ట్స్ వంటి సేనానులు తేల్చారు. మద్రాసు పటాలాలు ఒకదాని వెంట ఒకటి తగ్గిపోయాయి. 1914లో యుద్ధం రాగానే ఆ సిద్ధాంతం చాలావరకు అటకెక్కింది. మనుషులు కావలసి వచ్చారు. ఆ యుద్ధంలో భారతదేశం నుంచి పది లక్షలకు పైగా మనుషులు సముద్రాలు దాటారు, 74,000 మందికి పైగా తిరిగి రాలేదు.

గాయపడిన భారతీయుల కోసం ఇంగ్లండులోని బ్రైటన్ పట్టణంలో రాజభవనాన్నే ఆసుపత్రిగా మార్చారు. కులాలవారీగా వంటశాలలు, మతాలవారీగా నీటి కుళాయిలు ఏర్పాటు చేశారు. ఫోటోలు తీసి పోస్టుకార్డులు అచ్చువేశారు. వైద్యం బాగానే జరిగిందనడంలో సందేహం లేదు. విరిగిన తొడ ఎముకను కదలకుండా పట్టి ఉంచే థామస్ స్ప్లింట్ వాడకం వ్యాపించడంతో, అంతకుముందు చాలావరకు ప్రాణాంతకమైన ఆ గాయం నుంచి ఎక్కువమంది బతకగలిగారు. ఇక్కడే కొత్త సమస్య పుట్టింది. వైద్యం మెరుగుపడేకొద్దీ మరణాలు తగ్గుతాయి, వికలాంగులు పెరుగుతారు. వారు ఇంటికి వస్తారు, పాతికేళ్ల వయసులో వస్తారు, ఇంకా నలభై, యాభై ఏళ్లు బతకవలసి ఉంటుంది. ఆ సంగతి గుర్తించి 1917లో బొంబాయిలో లేడీ విల్లింగ్డన్ చొరవతో క్వీన్ మేరీస్ టెక్నికల్ స్కూలు ప్రారంభమయింది. కాలో చెయ్యో పోయిన సిపాయికి ఒక చేతిపని నేర్పి పంపడం దాని ఉద్దేశం. ఆ తరువాత అది పుణె పక్కనున్న ఖడ్కీకి మారి నేటికీ నడుస్తున్నది. గాయం మానిన చోట వైద్యం ముగియదు, బతుకుతెరువు కుదిరిన చోట ముగుస్తుంది అన్న భావన మన దేశంలో సంస్థగా రూపుకట్టిన తొలి సందర్భాలలో అది ఒకటి.

కాని బొంబాయి ఎక్కడ, తాడేపల్లిగూడెం ఎక్కడ!

రెండవ ప్రపంచ యుద్ధం మన డెల్టా గుమ్మంలోకే వచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. తాడేపల్లిగూడెంలో ఆ కాలంలో వేసిన విమానాల రన్‌వే మాత్రం ఆనవాలుగా మిగిలి ఉన్నది. 1920లలో రద్దయిన మద్రాసు రెజిమెంటును మళ్లీ లేపారు. ఊరూరా భర్తీ జరిగింది. దేశం మొత్తం మీద సుమారు 25 లక్షల మంది చేరారు. మాధవరం వెయ్యి మంది ఆ లెక్కలోనివారే. బర్మా అడవులలో తూటాల కంటే మలేరియా, విరేచనాలు, స్క్రబ్ టైఫస్ ఎక్కువమందిని మంచాన పడేశాయి. అయినా తూటాలు, మందుపాతరలు తమ పని తాము చేశాయి.

1944 అనే సంవత్సరాన్ని వైద్య చరిత్రలో నేను ప్రత్యేకంగా గుర్తుపెట్టుకుంటాను. ఆ ఏడాది పుణెలో కృత్రిమ అవయవ కేంద్రం, ఆర్టిఫిషియల్ లింబ్ సెంటర్, సైనికుల కోసం ఏర్పడింది. అదే ఏడాది ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో లుడ్విగ్ గుట్‌మన్ అనే వైద్యుడు వెన్నెముక దెబ్బతిన్న సైనికుల వార్డు ప్రారంభించాడు. అంతకుముందు నడుము కింది భాగం చచ్చుబడిన సైనికుడు పడకపుండ్లతో, మూత్రపిండాలకు చీము పట్టి కొన్ని వారాలలో, నెలలలో మరణించేవాడు. గుట్‌మన్ చేసినది పెద్ద శస్త్రచికిత్స కాదు. రెండు గంటలకొకసారి రోగిని పక్కకు తిప్పించాడు, మూత్రం గొట్టం శుభ్రంగా మార్పించాడు, చేతులకు బలం వచ్చే వ్యాయామం చేయించాడు, చివరికి బంతి చేతికిచ్చి ఆడించాడు. ఆ ఆటలే ఇప్పటి పారాలింపిక్స్‌కు మూలం. ఖర్చు తక్కువ, ఓపిక ఎక్కువ. కాని ఆ ఓపిక జీవితాంతం కావాలి. మంచి నర్సు, ఫిజియోథెరపిస్టు, తీరిక ఉన్న కుటుంబం ఉంటే తప్ప సాగదు.

1945లో యుద్ధం ముగిసింది. 'యుద్ధం ముగిసేవరకు' అన్న షరతు మీద చేరినవారిని తరువాతి ఏడాది రెండేళ్లలో ఇళ్లకు పంపేశారు. జేబులో డిశ్చార్జి కాగితం, కొద్దిపాటి సొమ్ము, రెండు మూడు పతకాలు. ఇక్కడ ఒక నిబంధన గురించి మీరు తెలుసుకోవాలి. సామాన్య సిపాయికి సర్వీసు పింఛను రావాలంటే 15 ఏళ్ల సర్వీసు ఉండాలి. యుద్ధకాలపు సిపాయికి ఉన్నది మూడేళ్లో, అయిదేళ్లో. ఆయన యుద్ధం చేశాడు గాని ఉద్యోగం పూర్తి చేయలేదు. వైకల్యం 20 శాతానికి తక్కువ కాదని మెడికల్ బోర్డు నిర్ణయించినవారికి వైకల్య పింఛను దారి ఉండేది. మిగిలినవారు మామూలు రైతులుగా, కూలీలుగా ఊరి జనంలో కలిసిపోయారు.

వైకల్య శాతం అనేది ఆ రోజున బోర్డు ముందు నిలబడ్డ మనిషికి వేసే మార్కు. శరీరం మాత్రం ఆ రోజుతో ఆగదు. నేను డెల్టాలోని ప్రభుత్వ ఆసుపత్రులలో పనిచేసిన తొలి ఏళ్లలో ఒక వృద్ధుడు ప్రతి వర్షాకాలం వచ్చేవారు. ఎడమ మోకాలి కింద ఎముకలోకి పోయిన చిన్న రంధ్రం, అందులోంచి చీము. దానిని ఆస్టియోమైలైటిస్ అంటాము, మామూలు మాటల్లో ఎముక కుళ్లు. బర్మాలో తగిలిన బాంబు పెంకు. సైన్యం నుంచి వచ్చేనాటికి పుండు మానినట్టే ఉండినదట. కనుక శాతం రాలేదు, పింఛను లేదు. ఏడెనిమిదేళ్లకు ఎముక ముక్క ఒకటి చర్మం చీల్చుకుని బయటికి వచ్చింది. అప్పటి నుంచి మానడం, తిరగబెట్టడం. వరి నాట్ల కాలంలో బురదలో దిగక తప్పదు, దిగితే పుండు రేగక మానదు. "దొరలతో పోట్లాడినవాడికి ఇస్తున్నారు కదండీ పింఛను, దొరల తరఫున పోట్లాడాను, అందుకేమో నాకు లేదు" అని నవ్వేవారు. ఆయనకు మేము చేయగలిగినది డ్రెస్సింగు, యాంటీబయాటిక్. ఆపరేషనుకు పెద్దాసుపత్రికి రాస్తే, కాకినాడ వెళ్లి రావడానికి, అక్కడ ఉండడానికి, తోడు మనిషి కూలి పోవడానికి డబ్బెక్కడిది అని మానేసేవారు. చికిత్స ఉచితమే కావచ్చు. చికిత్స దాకా వెళ్లడం ఎన్నడూ ఉచితం కాదు.

కాలు పోయినవారి సంగతి ఇంకా భిన్నం. చాలామంది పాఠకులు కృత్రిమ కాలు అంటే ఒకసారి పెట్టించుకుంటే అయిపోయే వస్తువు అనుకుంటారు. మొండి భాగం కాలక్రమంలో సన్నబడుతుంది, ఆకారం మారుతుంది. పాత సాకెట్ వదులై ఒరుసుకుంటుంది, పుండు పడుతుంది. కొద్ది సంవత్సరాలకొకసారి కొత్తది కావాలి, మధ్యలో మరమ్మతులు కావాలి. ఇరవై ఏళ్లకు కాలు కోల్పోయినవాడు డెబ్భై ఏళ్లదాకా బతికితే, నాలుగైదేళ్లకు ఒకటి చొప్పున వేసుకున్నా పది కాళ్లకు పైనే. మిగిలిన కాలు మీద, నడుము మీద భారం పడి అక్కడ కీళ్లు ముందుగా అరుగుతాయి. లేని కాలులో నొప్పి అనే విచిత్రమైన బాధ కొందరిని ఏళ్ల తరబడి వదలదు. గాయం అంటే ఒక ఆసుపత్రి బిల్లు కాదని నేను పదే పదే అనడం ఇందుకే. అది జీవితకాలపు చందా.

స్వాతంత్ర్యం తరువాతి యుద్ధాలలో గాయపడిన శాశ్వత సైనికుల పరిస్థితి క్రమంగా మెరుగుపడింది. 1965 యుద్ధంలో తూటా వెన్నెముకలో దిగిన మురళీకాంత్ పేట్కర్ చికిత్సలో భాగంగా ఈత నేర్చుకుని, 1972లో హైడెల్‌బర్గ్ పారాలింపిక్స్‌లో మన దేశానికి తొలి స్వర్ణపతకం తెచ్చాడు. 1971 యుద్ధం తరువాత, 1974లో ఖడ్కీలో పారాప్లెజిక్ పునరావాస కేంద్రం ఏర్పడింది. 1976 జనవరి 1 నుంచి ఆర్మీ గ్రూప్ ఇన్సూరెన్స్ వచ్చింది. సైనికుడి జీతంలో నెలనెలా కోత పెట్టి, మరణిస్తే కుటుంబానికి, వైకల్యంతో సర్వీసు నుంచి తొలగిస్తే అతనికి ఏకమొత్తంగా సొమ్ము ఇచ్చే ఏర్పాటు అది. నౌకాదళం, వైమానిక దళం కూడా ఇటువంటివి పెట్టుకున్నాయి.

అయితే రిటైరయిన తరువాత వైద్యం? సైనిక ఆసుపత్రిలో పడక ఖాళీ ఉంటే చూసేవారు. గోదావరి జిల్లాల మాజీ సైనికుడికి దగ్గరి పెద్ద సైనిక ఆసుపత్రి అంటే విశాఖలో నౌకాదళం వారి కళ్యాణి, లేదా సికింద్రాబాదు. గుండెపోటు వచ్చినవాడిని రైలెక్కించి విశాఖ తీసుకువెళ్లడం అయ్యే పని కాదు. ఈ లోటు తీర్చడానికి 2003 ఏప్రిల్ 1న ఎక్స్ సర్వీస్‌మెన్ కాంట్రిబ్యూటరీ హెల్త్ స్కీమ్, అందరూ పిలిచే పేరు ఇ.సి.హెచ్.ఎస్., ప్రారంభమయింది. పట్టణాలలో పాలిక్లినిక్‌లు పెట్టి, అక్కడ కుదరని వైద్యానికి ఒప్పందం ఉన్న ప్రైవేటు ఆసుపత్రులకు పంపడం దీని పద్ధతి. నేడు రాజమహేంద్రవరంలో ఒక పాలిక్లినిక్ ఉన్నది. దీనిని చాలామంది బీమా అంటారు గాని, మార్కెట్టులో దొరికే ఆరోగ్య బీమాతో పోల్చి చూడండి. ఒక్కసారి చందా కడితే చాలు; 2017 చివర సవరించిన రేటు ప్రకారం సిపాయి నుంచి హవల్దారు వరకు 30,000 రూపాయలు. 1996 జనవరి 1కి ముందు రిటైరయినవారికి అదీ లేదు. వయోపరిమితి లేదు, ముందే ఉన్న జబ్బు అన్న మెలిక లేదు, ఇంత సొమ్ముకు మించి ఇవ్వము అన్న గీత లేదు. భార్య, ఆధారపడిన పిల్లలు, తల్లిదండ్రులు కూడా చేరతారు. మన దేశంలో సామాన్యుడికి అందుబాటులో ఉన్న వైద్య భరోసాలలో ఇంతకు మించినది చాలా అరుదు. ఆసుపత్రులకు బకాయిలు, మందుల కొరత వంటి ఫిర్యాదులు లేకపోలేదు. అయినా నా అభిప్రాయం మారదు.

కాని తలుపు దగ్గర ఒక షరతు ఉన్నది. సర్వీసు పింఛనో, వైకల్య పింఛనో, కుటుంబ పింఛనో ఏదో ఒకటి అందుకుంటూ ఉండాలి. అంటే బర్మాలో పోరాడి, 15 ఏళ్లు నిండక ఇంటికి పంపబడినవారు ఆ తలుపు బయటే ఉండిపోయారు. 1962 చైనా యుద్ధం తరువాత హడావుడిగా తీసుకున్న ఎమర్జెన్సీ కమిషన్డ్ అధికారులు, షార్ట్ సర్వీస్ అధికారులు కూడా అంతే. మన రాష్ట్రంలో 2007లో ఆరోగ్యశ్రీ వచ్చినప్పుడు, తెల్లకార్డు ఉన్న వృద్ధ సైనికులకు అది ఆసరా అయింది. గమనించండి, వారికి వైద్యం అందినది సైనికులు కావడం వల్ల కాదు, పేదలు కావడం వల్ల.

ఆ తలుపు 2019 మార్చి 7న తెరుచుకుంది. రెండవ ప్రపంచ యుద్ధ సైనికులకు, ఎమర్జెన్సీ, షార్ట్ సర్వీస్ అధికారులకు, ముందుగా రిటైరయినవారికి ఇ.సి.హెచ్.ఎస్. వర్తింపజేస్తూ కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది. మంచి నిర్ణయమే. లెక్క మాత్రం వేసి చూడండి. యుద్ధం ముగిసిన 1945లో 18 ఏళ్లు ఉన్న కుర్రవాడికి 2019లో 92 ఏళ్లు. నేను చెప్పిన ఆ వృద్ధుడు అప్పటికి చాలా ఏళ్ల ముందే కన్నుమూశారు.

ఇక ప్రమాదాల సంగతి. సైనికుడికి అన్ని గాయాలూ యుద్ధభూమిలో తగలవు. సెలవు మీద ఇంటికి వచ్చి, జాతీయ రహదారి మీద మోటారు సైకిలు ప్రమాదంలో కాలు విరగ్గొట్టుకున్న కుర్రవాళ్లను ఈ జిల్లాల ఆసుపత్రులలో పనిచేసిన ఏ వైద్యుడైనా చూసి ఉంటాడు. సర్వీసులో ఉన్నంతకాలం చికిత్స సైన్యమే చేయిస్తుంది. చిక్కు వైకల్య పింఛను దగ్గర వస్తుంది. ఆ వైకల్యం 'సైనిక సేవ వల్ల కలిగినది, లేదా సేవ వల్ల ముదిరినది' అయి ఉండాలన్నది మూల సూత్రం. సెలవులో జరిగిన ప్రమాదం సేవ వల్ల కలిగినదేనా?

న్యాయస్థానాలు దీనిని రెండు వైపులా చూశాయి. సెలవు మీద వెళ్తూ రైలు దిగే సమయంలో తీవ్రంగా గాయపడిన మదన్ సింగ్ షెఖావత్ కేసులో, ప్రయాణం సొంత ఖర్చుతో చేశాడన్న కారణంతో పింఛను నిరాకరించడం తగదని 1999లో సుప్రీంకోర్టు చెప్పింది. వార్షిక సెలవులో ఇంటి దగ్గర స్కూటరు ప్రమాదానికి గురైన జుఝార్ సింగ్ కేసులో మాత్రం, దానికీ సైనిక సేవకూ సంబంధం లేదని 2011లో అదే న్యాయస్థానం తీర్పు చెప్పింది. విధికీ గాయానికీ మధ్య ఒక దారం కనిపించాలి. ప్రయాణం అయితే ఆ దారం ఉన్నట్టు, సొంత పని మీద తిరిగితే తెగినట్టు.

జబ్బుల విషయంలో 2013 నాటి ధరమ్‌వీర్ సింగ్ తీర్పు ముఖ్యమైనది. చేరేటప్పుడు వైద్యపరీక్షలో లేని జబ్బు తరువాత బయటపడి, ఆ కారణంగా తొలగిస్తే, అది సేవ వల్ల కలిగినదనే భావించాలి, కాదని నిరూపించే భారం ప్రభుత్వానిదే అన్నది దాని సారం. నేను న్యాయవాదిని కాను. మీ కేసు ఏ కోవలోకి వస్తుందో సైనిక సంక్షేమ కార్యాలయంలోనో, సాయుధ దళాల ట్రిబ్యునల్‌లో అనుభవం ఉన్న న్యాయవాదినో అడగండి. 2023 సెప్టెంబరులో ఈ వైకల్య నిబంధనలను సవరించారు కనుక పాత తీర్పులను అలాగే పట్టుకోవడం కూడా మంచిది కాదు.

ఇ.సి.హెచ్.ఎస్. సభ్యులైన మాజీ సైనికులు ప్రమాదం సమయంలో గుర్తుంచుకోవలసినది ఒకటే చెబుతాను, ఎందుకంటే ఇందులో పొరపాటు పడి లక్షలు పోగొట్టుకునేవారు ఉంటారు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఒప్పందం ఉన్న ఆసుపత్రి కోసం వెతకవద్దు, దగ్గర ఉన్నదానిలో చేర్చండి. అది ఒప్పందం లేని ఆసుపత్రి అయితే 48 గంటలలోగా పాలిక్లినిక్‌కు తెలియజేయాలి. బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ, అత్యవసరం అని వైద్యుడు ఇచ్చిన ధ్రువపత్రం అన్నీ అసలువి దాచండి. తిరిగి వచ్చే సొమ్ము కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం రేట్ల ప్రకారం లెక్కవేస్తారు గాని, ఆసుపత్రి వేసిన బిల్లు ప్రకారం కాదు; ఆ తేడా మీదే. పరిస్థితి కుదుటపడగానే ఒప్పందం ఉన్న ఆసుపత్రికి మార్చమని నేను చెప్పేది అందుకే. సైనికుడైనా కాకపోయినా, రోడ్డు ప్రమాద బాధితుడికి ఏడు రోజుల వరకు లక్షన్నర రూపాయల నగదు రహిత చికిత్స ఇచ్చే కేంద్ర పథకం 2025 మేలో అమలులోకి వచ్చింది. అది ఉన్నదని తెలియక కుటుంబాలు నగలు కుదువ పెడుతున్నాయి.

ఇప్పుడు మనుమల దగ్గరికి వద్దాము. 2022లో అగ్నిపథ్ పథకం వచ్చింది. అగ్నివీరుడి సర్వీసు నాలుగేళ్లు. వారిలో నాలుగవ వంతుకు మించకుండా శాశ్వత సర్వీసులోకి తీసుకుంటారు. సర్వీసులో ఉండగా చికిత్స ఉన్నది, 48 లక్షల రూపాయల జీవిత బీమా ఉన్నది, సేవ వల్ల వైకల్యం కలిగితే దాని శాతాన్ని బట్టి 15, 25, 44 లక్షల ఏకమొత్తం ఉన్నది. యుద్ధకాలపు సిపాయికి ఇచ్చినదానితో పోలిస్తే ఇది చాలా ఎక్కువ, ఒప్పుకోవాలి. కాని నాలుగేళ్లకు బయటికి వచ్చినవారికి పింఛను లేదు, ఇ.సి.హెచ్.ఎస్. లేదు.

నలభై నాలుగు లక్షలు పెద్ద మొత్తమే. ఇరవై మూడేళ్ల వయసులో నడుము కింద చచ్చుబడిన కుర్రవాడికి చక్రాల కుర్చీ, మూత్రపు గొట్టాలు, పడకపుండ్ల డ్రెస్సింగులు, ఫిజియోథెరపీ, కనిపెట్టుకుని ఉండే మనిషి, యాభై ఏళ్ల పాటు కావాలి. ఆ సొమ్ములో ఇల్లు బాగుచేయడానికి కొంత, చెల్లెలి పెళ్లికి కొంత పోకుండా ఆపగల కుటుంబం మన ఊళ్లలో ఎక్కడ ఉన్నది? ఆసుపత్రి తలుపు తెరిచి ఉంచడం వేరు, డబ్బు చేతిలో పెట్టి పంపడం వేరు. పాత సిపాయికి ఆ రెండూ దక్కలేదు, అగ్నివీరుడికి రెండవది దక్కింది. సైనిక అకాడమీలలో శిక్షణలో గాయపడి తొలగింపబడిన అధికారి అభ్యర్థుల విషయం సుప్రీంకోర్టు తనంత తానుగా చేపట్టిన తరువాత, 2025 ఆగస్టులో వారికి ఇ.సి.హెచ్.ఎస్. వర్తింపజేశారు. కమిషను కూడా పొందనివారికి ఇవ్వగలిగినది, విధి నిర్వహణలో గాయపడిన అగ్నివీరుడికి ఇవ్వలేకపోవడానికి నాకు వైద్యపరమైన కారణం ఏదీ కనిపించదు. అందరికీ కాకపోయినా, గాయంతో బయటికి వచ్చేవారికి ఆ గాయం వరకైనా ఇవ్వాలి.

2022 చివర, 2023 ఆరంభంలో చేరిన తొలి జట్ల నాలుగేళ్లు 2026 చివర, 2027 ఆరంభంలో పూర్తవుతాయి. మీ ఇంట్లో అటువంటి కుర్రవాడు ఉంటే, బయటికి వచ్చే ముందు తన వైద్య కాగితాలన్నిటి నకళ్లు తెచ్చుకోమనండి: చేరినప్పటి వైద్యపరీక్ష, మధ్యలో ఏ చిన్న గాయానికైనా ఆసుపత్రిలో చేరిన వివరాలు, గాయం నివేదిక, ఎక్స్‌రేలు, విడుదల సమయపు మెడికల్ బోర్డు. మోకాలు బెణికింది, చెవిలో హోరు వస్తున్నది, నడుము పట్టేస్తున్నది వంటివి మగతనానికి తక్కువ అనుకుని దాచవద్దు. ఆ బోర్డు ముందు చెప్పి రాయించుకోవాలి. ఏడెనిమిదేళ్ల తరువాత ఎముక ముక్క చర్మం చీల్చుకుని బయటికి వచ్చిన రోజున, ఆ ఒక్క వాక్యం కాగితం మీద ఉన్నదా లేదా అని వెతుకుతారు.